ఇంట్లో బండి పని – పొరపాటున పాడైతే



ఈ నెల మన శీర్షికలో బండిని గూర్చి మాట్లాడుకుందాం. బండి అనగానే ఇది మగవారి విషయమని అక్కచెల్లెళ్లు పేజీ తిప్పవద్దని మా మనవి. ఇంట్లో ఉన్నది స్కూటరైనా, మోటారు సైకిలైనా, కారైనా అది ఒక్కరిది కాదు. ఉదయం నాన్నగారు దాని మీద ఉద్యోగానికి వెళతారు. మధ్యాహ్నం కొడుకు కాలేజీకి తీసుకువెళతాడు. సాయంత్రం అమ్మ వెనుక కూర్చుని బజారుకు వెళుతుంది. ఒకరి చేతిలో అది పాడైతే ఆ దెబ్బ తగిలేది ఇంకొకరికి కావచ్చు. కనుక ఇది ఇంటిల్లిపాదికీ సంబంధించిన సంగతి.

నేడు మన యౌవనస్థులు చాలామంది బండికి కావలసిన అదనపు సామానులు ఇంటి దగ్గరే బిగించుకుంటున్నారు. పెద్ద హారన్, ఫాగ్ లైట్లు, ఫోను చార్జరు, కారులో స్టీరియో, వెనుక కెమెరా – ఇలా ఎన్నో. చేతిపని నేర్చుకోవడం మంచిదే. దానిని మేము తప్పుపట్టము. అయితే బిగించే తొందరలో వైరు తెగుతుంది. బోల్టు విరుగుతుంది. డ్రిల్లు జారి పెయింటు గీసుకుపోతుంది. ఎలా బిగించాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. పాడైనప్పుడు ఏమి చేయాలో చెప్పేవారు తక్కువ. అందుకే ఆ రెండవ సంగతినే ఈ నెల చెప్పదలచుకున్నాము.

మొదట చేతులు ఆపండి

ఏదైనా తెగిందని, విరిగిందని తెలియగానే చేయవలసిన మొదటి పని ఏమీ చేయకపోవడమే. చాలా నష్టాలు మొదటి పొరపాటు వలన కాదు, దానిని కప్పిపుచ్చాలని కంగారులో చేసే రెండవ పని వలన పెద్దవవుతాయి. ఇంజను ఆపండి, తాళం చెవి తీసివేయండి, పిల్లలను దూరంగా పంపండి. దెబ్బ తగిలిన చోటును వెలుతురులో చూడండి. ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. ఏ వైరు ఎక్కడిదో, ఏ బోల్టు ఏ రంధ్రానిదో తరువాత అదే చెబుతుంది.

వైరింగుకు సంబంధించిన పనైతే బ్యాటరీ కనెక్షన్ తీయాలి. దీనికొక వరుస ఉంది. ముందుగా మైనస్ వైరు తీయాలి, తరువాత ప్లస్ తీయాలి. తిరిగి పెట్టేటప్పుడు ముందు ప్లస్, చివరకు మైనస్. కారణమేమంటే, బండి ఇనుప శరీరమంతా మైనస్‌కు కలిసి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ బోల్టు విప్పుతున్నప్పుడు చేతిలోని పానా పక్కనున్న ఇనుముకు తగిలితే పెద్ద నిప్పురవ్వ వస్తుంది. మైనస్ ముందే తీసివేస్తే ఆ ప్రమాదం లేదు.

తెగిన వైరు

ఇంటి పనుల్లో ఎక్కువగా జరిగే నష్టమిదే. తెగిన రెండు కొసలనూ మెలివేసి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టి, "అయిపోయింది" అంటాము. ఆ రోజుకు లైటు వెలుగుతుంది. అయితే వాన నీరు, తేమ ఆ మెలిక లోపలికి చేరుతాయి. రాగి పచ్చబడుతుంది. అక్కడ కరెంటుకు అడ్డు పెరిగి జాయింటు వేడెక్కుతుంది. ఎండకు టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. బండి అదురుకు మెలిక వదులవుతుంది.

సరైన పద్ధతి ఇది. పాడైన ముక్కను కత్తిరించి పారవేయండి. పొడవు చాలకపోతే అదే మందం గల వైరు ముక్కను మధ్యలో కలపండి. సన్నని వైరు వేయవద్దు. కొసల మీద సుమారు 1 సెంటీమీటరు ప్లాస్టిక్ తొడుగు ఒలవండి. వేడికి ముడుచుకునే స్లీవు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. జాయింటు వేయకముందే దానిని వైరు మీదికి ఎక్కించాలి. ఈ సంగతి మరచిపోయి మళ్ళీ జాయింటు విప్పేవారు చాలామంది! తరువాత రాగి పోగులను కలిపి టంకం పెట్టండి, లేదా నొక్కే కనెక్టరుతో బిగించండి. స్లీవును జాయింటు మీదికి జరిపి వేడి చేయండి. రెండు మూడు వైర్లు ఒకేచోట తెగితే జాయింట్లన్నీ పక్కపక్కన వేయక, ఒకటి ముందు ఒకటి వెనుక వచ్చేలా వేయండి. చివరగా ఆ కట్టను వేడి సైలెన్సరుకు దూరంగా కట్టి, హ్యాండిల్ కుడికీ ఎడమకూ పూర్తిగా తిప్పి చూడండి. ఎక్కడా లాగుకోకూడదు, నలగకూడదు.

ఫ్యూజు ఎందుకు పోయింది?

ఇక్కడ మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెప్పవలెను. డిగ్రీ చదువుతున్న ఒక బాబు తండ్రిగారి మోటారు సైకిలుకు పెద్ద హారన్ బిగించాడు. బిగించేటప్పుడు క్లాంపు కింద వైర్ల కట్ట నలిగి, ఒక వైరు తొడుగు చీలింది. హారన్ నొక్కగానే ఫ్యూజు పోయింది. ఇంకొకటి వేశాడు, అదీ పోయింది. విసుగెత్తి ఆ స్థానంలో రాగి తీగ చుట్టాడు. హారన్ మోగింది. ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాల తరువాత తండ్రిగారు పొరుగూరి నుండి రాత్రి వస్తూ ఉండగా ట్యాంకు కింద నుండి పొగ వచ్చింది. హెడ్‌లైటు ఆరిపోయింది. వీధి దీపాలు లేని కాలువగట్టు దారి. ఆయన నెమ్మదిగా వస్తున్నారు గనుక బండి ఆపగలిగారు. నాలుగు కిలోమీటర్లు దానిని తోసుకుంటూ ఇంటికి చేరారు. లోపల వైరింగంతా కాలిపోయింది. మొత్తం కొత్తది వేయించవలసి వచ్చింది.

తరువాత ఆ బాబు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నాన్నగారు తిడతారని చెప్పలేదండి" అన్నాడు. మేమతనిని వెంటబెట్టుకొని ఇంటికి వెళ్ళాము. అంతా విన్న తండ్రిగారు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "వైరు కాలితే కొనుక్కుంటాం రా. ఆ రోజు నీ చెల్లెలు కూడా వెనుక ఎక్కుతానంది. వద్దని దింపి వెళ్ళాను" అన్నారు. ఆ మాటకు ఆ ఇంట్లో ఎవరికీ జవాబు లేకపోయింది.

ఫ్యూజు పోవడం జబ్బు కాదు, జబ్బును తెలిపే గుర్తు. వైరు కాలిపోకముందే తాను కాలి మనలను కాపాడడమే దాని పని. బండ్లలో వాడే చదును ఫ్యూజులకు రంగులున్నవి: 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఎరుపు పోయినచోట ఎరుపే వేయాలి. రెండవది కూడా పోతే మూడవది వేయవద్దు. వైరు ఎక్కడ నలిగిందో వెదకండి. రాగి తీగ, చాక్లెట్టు రేకు వంటివి చుట్టడమంటే కాపలావానిని పంపివేసి తలుపు తెరచి పెట్టడమే.

కరిగిన స్విచ్చి

అదనపు లైట్లు పెట్టిన కొన్నాళ్లకు స్విచ్చి కరిగిపోయిందని కొందరు అంటారు. లెక్క చూడండి. 12 వోల్టుల మీద 55 వాట్ల బల్బు సుమారు 4.6 ఆంపియర్లు లాగుతుంది. రెండు బల్బులైతే 9 దాటుతుంది. హ్యాండిల్ మీది చిన్న స్విచ్చి అంత భారం మోయడానికి చేసినది కాదు. స్విచ్చి మారిస్తే చాలదు. మధ్యలో రిలే పెట్టాలి. రిలే అడుగున అంకెలుంటాయి. 30కి బ్యాటరీ ప్లస్, 87కు లైటు. 85, 86లలో ఒకటి స్విచ్చికి, ఒకటి ఎర్త్‌కు. అప్పుడు స్విచ్చి మీద పడే భారం అతి స్వల్పం. బ్యాటరీ నుండి 30కి వెళ్లే వైరులో, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు దూరంగా పెడితే, బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య నున్న వైరుకు కాపుదల ఉండదు.

డ్రిల్లు జారినప్పుడు

రంధ్రం తప్పుచోట పడితే రెండు ప్రశ్నలు వేసుకోండి. రేకు వెనుక ఏమున్నది? రేకుకు ఏమైంది?

మొదటిది ముఖ్యం. వెనుక పెట్రోలు పైపు గాని, బ్రేకు పైపు గాని, వైర్ల కట్ట గాని ఉండవచ్చు. పెట్రోలు వాసన వస్తే స్విచ్చి ఏదీ నొక్కవద్దు. బండిని గాలి ఆడే చోటికి చేతులతో తోసి, మెకానిక్‌ను పిలవండి. బ్రేకు పైపు మీద డ్రిల్లు తగిలి కొంచెం గీసుకున్నా సరే, ఆ బండి నడపకూడదు. టంకం, జిగురు, టేపు ఏవీ అక్కడ పనికిరావు. బ్రేకు తొక్కినప్పుడు లోపల ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంటుంది. ఆ పైపు మార్చి, లోపలి గాలి తీయించవలసిందే. బ్రేకు ఆయిలు పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు ఎక్కువగా పోసి కడగండి. ఆలస్యమైతే పెయింటు ఉబ్బి ఊడివస్తుంది.

వెనుక ఏమీ తగలకపోతే మిగిలింది రేకు. రంధ్రం అంచును ఆకురాయితో నున్నగా చేసి, ఇనుప రజను తుడిచివేయండి. ఆ రజను పెయింటు మీద ఉండిపోతే తుప్పు మచ్చలు పడతాయి. అంచుకు ప్రైమరు, ఆరిన తరువాత పెయింటు వేసి, రబ్బరు బిరడాతో మూయండి. రంధ్రం గుండా వైరు పోవలసి ఉంటే రబ్బరు బుష్ తప్పనిసరి. లేకపోతే రేకు అంచు ఆ వైరును రోజూ కొంచెం కొంచెంగా కోస్తుంది.

మర పోయిన బోల్టు

ఇంజను దిగువ ఆయిలు తీసే బోల్టును బలమంతా పెట్టి బిగిస్తే, అది ఒక్కసారి తేలికై ఊరక తిరుగుతుంది. ఇంజను కవర్లు అల్యూమినియంతో చేసినవి. ఉక్కు బోల్టు ముందు ఆ మర నిలువదు. అప్పుడు దానిమీద ఏదో సీలు పూసి బండి నడిపితే, దారిలో బోల్టు ఊడిపోవచ్చు. ఆయిలు లేక ఇంజను పట్టేస్తుంది. ఆ ఆయిలు వెనుక టైరు మీద పడితే బండి జారి పడుతుంది.

దీనికి మంచి మార్గమున్నది. లేత్ పనివారు, ఇంజను పనివారు హెలికాయిల్ అనే ఉక్కు చుట్టను వేస్తారు. పాడైన మరను కొంచెం పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో ఆ చుట్టను ఎక్కిస్తారు. పాత సైజు బోల్టే మళ్ళీ సరిపోతుంది. అల్యూమినియం మర కంటే ఆ ఉక్కు మర చాలా కాలం నిలుస్తుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇది నిత్యం చేసే పనే. కోసేటప్పుడు రాలే రజను ఇంజనులో ఉండిపోకుండా కడిగించుకోవడం మాత్రం మరువవద్దు.

ఇకముందు ఇలా జరగకుండా ఒక చిన్న అలవాటు: ఏ బోల్టునైనా ముందు చేతి వేళ్లతో రెండు మూడు చుట్లు ఎక్కించండి. వేళ్లకు తిరగకపోతే అది వంకరగా ఎక్కుతున్నదని గ్రహించి, తీసి మళ్ళీ పెట్టండి. పానా తరువాతే.

బోల్టు తల విరిగి మొండెం లోపల ఉండిపోతే, తుప్పు వదిలించే నూనె వేసి కొన్ని గంటలు ఆగండి. పైకి కొంచెం కొస ఉంటే లాక్ ప్లయరుతో పట్టి, ముందుకూ వెనుకకూ మెల్లగా కదపండి. కొస లేకపోతే ఆ పని లేత్ షాపుకు వదిలివేయండి. ఇంట్లో డ్రిల్లు పెడితే సాధారణంగా రంధ్రం పక్కకు పోతుంది.

గీతలు, విరిగిన ప్లాస్టిక్

గీత మీద గోరు నెమ్మదిగా జరపండి. గోరు పట్టుకోకపోతే గీత పై పొరలోనే ఉన్నదన్న మాట. రబ్బింగ్ కాంపౌండుతో రుద్దితే పోతుంది. గోరు పట్టుకుంటే లోతైనది. ఇనుము కనిపిస్తుంటే ఆ రోజే శుభ్రం చేసి ప్రైమరు పూయండి. రంగు తరువాత వేసుకోవచ్చు. మన తీర ప్రాంతాల ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

ప్లాస్టిక్ విరిగితే ముక్క వెనుక చూడండి. ఏ రకమో అచ్చులో ముద్రించి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే అసిటోన్‌కు కరుగుతుంది. అదే రకపు పనికిరాని ముక్కలను అసిటోన్‌లో ముద్దగా చేసి, లోపలి వైపు నుండి అతికించవచ్చు. నిప్పుకు దూరంగా, కిటికీలు తెరచి చేయండి. పీపీ అని ఉంటే, చాలా కార్ల బంపర్లు ఆ జాతివే, అసిటోన్ పనిచేయదు. దానికి ప్లాస్టిక్ వెల్డింగ్ చేసేవారి దగ్గరకు వెళ్ళాలి. విరిగినది క్లిప్పు మాత్రమే అయితే కొత్తది కొనండి, దాని ఖరీదు స్వల్పం.

బ్యాటరీ ఆసిడ్ ఒలికితే

ఇది తల్లులు కూడా తెలుసుకోవలసినది. సాధారణ బ్యాటరీలో ఉండేది గంధకామ్లం. ఒంటి మీద పడితే వెంటనే ధారగా నీళ్లు పోస్తూ కనీసం పదిహేను నిమిషాలు కడగాలి. కంటిలో పడితే అదే విధంగా కడుగుతూ ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. బండి మీద, నేల మీద పడితే వంట సోడా చల్లండి. నురుగు వస్తుంది. నురుగు ఆగేవరకు చల్లి, నీళ్లతో కడగండి. సోడా బ్యాటరీ రంధ్రాలలోకి పోకూడదు. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల వెలిగించవద్దు. అందులో నుండి హైడ్రోజన్ వాయువు వస్తుంది.

ఇంట్లో ముట్టకూడనివి

కొన్ని ఎంత నేర్పు ఉన్నా ఇంట్లో దిద్దకూడనివి. కారులో పసుపు తొడుగు గల వైర్లు, కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. తెగితే జాయింటు వేయకండి, మీటరు పెట్టి పరీక్షించకండి. బ్యాటరీ తీయించి కంపెనీ సర్వీసు వారికి అప్పగించండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు ప్రాణం తీయగల వోల్టేజి మోస్తాయి. ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ పెట్టె కింద పడినా, సొట్ట పడినా ఇంట్లో చార్జింగు పెట్టవద్దు. పెట్రోలు ట్యాంకుకు చిల్లి పడితే వెల్డింగు పెట్టవద్దు. ఖాళీ ట్యాంకులోని ఆవిరే పేలుతుంది. స్టీరింగు, బ్రేకులు కూడా ఈ జాబితాలోనివే.

చట్టం మాట

బిగించినది తీసివేయడమే సరైన మరమ్మతు అయ్యే సందర్భాలూ ఉన్నవి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనినే స్పష్టం చేసింది. అదే సంవత్సరపు సవరణ చట్టం 182ఎ సెక్షన్‌ను మార్చింది. దాని ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. పలు స్వరాల హారన్లను 1989 కేంద్ర మోటారు వాహన నియమాలు నిషేధించాయి. కార్ల ముందు బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకొమ్మని 2017లో కేంద్రం రాష్ట్రాలకు ఆదేశించింది. అందం కొరకు చీర గార్డు తీసివేసే తమ్ముళ్లు, వెనుక కూర్చునే అమ్మ చీర కొంగును, అక్క చున్నీని తలచుకోవాలి. చక్రంలో ఆ గుడ్డ చుట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంటి పెద్దలకు, యౌవనస్థులకు

పెద్దలకు మా మనవి. "ఎవడు చెయ్యమన్నాడు నిన్ను?" అన్న మాట మన ఇళ్ళలో మొదట వచ్చేది. ఆ మాటకు జడిసిన బిడ్డ రెండవసారి పొరపాటు మానడు, చెప్పడం మానుతాడు. చెప్పిన రోజున కోపం కొంచెం అణచుకొని, "బండి తరువాత చూద్దాం, ముందు నీకేమైనా తగిలిందా?" అని అడగండి. ఖర్చును గూర్చి మరునాడు మాట్లాడవచ్చు. ఆ ఖర్చులో కొంత అతని చేత పెట్టించడం కూడా మంచిదే. అందులో శిక్ష కంటే నేర్పు ఎక్కువ.

యౌవనస్థులకు ఒక మాట. మీరు పాడుచేసిన దానిని మీరే దిద్దగలిగితే దిద్దండి. చేతకాకపోతే తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్ళండి. ఈ రెంటిలో దేనికీ సిగ్గుపడనక్కరలేదు. మెకానిక్ దగ్గర కూడా జరిగినది జరిగినట్టు చెప్పండి. "ఏమో, దానంతటదే ఆగిపోయింది" అంటే అతడు అరపూట వెదుకుతాడు, ఆ కూలి మీరే ఇస్తారు. "ఇక్కడ డ్రిల్లు పెట్టాను, అప్పటి నుండి లైటు రావడం లేదు" అంటే పది నిమిషాల పని కావచ్చు.

పని ముగిసిన తరువాత బండిని ఇంకొకరి చేతికి ఇవ్వకముందు మీరే ఒకసారి చూసుకోండి. బ్రేకులు రెండూ పట్టుతున్నవా? హెడ్‌లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్లు వెలుగుతున్నవా? హ్యాండిల్ ఇరువైపులా పూర్తిగా తిరుగుతున్నదా? కింద నూనె చుక్క ఏమైనా పడిందా? పదిహేను నిమిషాలు వీధిలో నడిపి, దిగి, వేసిన జాయింటు దగ్గర వేడిగాని, వాసనగాని ఉన్నదేమో చూడండి. మరునాడు బోల్టులు మరొకసారి బిగించండి. అప్పుడే తాళం చెవి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు, "ఇక్కడ వైరు తెగితే జాయింటు వేశాను నాన్నగారూ, రెండు రోజులు కొంచెం కనిపెట్టి చూడండి" అని ఒక్క మాట చెప్పండి. అది చెప్పినవానికి బరువు దిగుతుంది, విన్నవారికి మెలకువ కలుగుతుంది.